సైకిల్‌కి లావు టైర్ వేయిస్తున్నారా? ముందు రిమ్ లోపలి వెడల్పు కొలవండి.. తేడా వస్తే రోడ్డు మీదే ఊడిపోతుంది!

విశాఖపట్నం, ఆటోనగర్: సైకిల్ టైర్ అరిగిపోతే చాలామంది ఏం చేస్తారు? షాపుకి వెళ్లి "ఇరవై ఆరు టైర్ ఒకటి ఇవ్వండి" అంటారు. ఇంకాస్త లావుది ఉంటే గుంతల్లో కుదుపు తగ్గుతుందని, బరువు బాగా మోస్తుందని దాన్నే తీసుకుంటారు. టైర్ ఎక్కింది, గాలి నిలిచింది, ఇక పని అయిపోయిందనుకుంటారు. కానీ టైర్ రిమ్ మీదకి ఎక్కడం వేరు, రిమ్‌లో సరిగ్గా కూర్చోవడం వేరు. ఆ తేడా షాపు దగ్గర కనిపించదు. లోడ్ పడ్డప్పుడో, మలుపు తిప్పినప్పుడో, గుంతలో దిగినప్పుడో బయటపడుతుంది.

గాజువాక, ఆటోనగర్ ప్రాంతంలో ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. పక్కనే 16వ నంబర్ జాతీయ రహదారి. స్టీల్ ప్లాంట్ నుంచి ఇనుప కడ్డీలు, వైర్ రాడ్ చుట్టలు మోసుకెళ్లే ట్రైలర్లు, పోర్టుల నుంచి వచ్చే కంటైనర్ లారీలు రాత్రీపగలూ తిరుగుతూనే ఉంటాయి. అదే రోడ్డు అంచున షిఫ్ట్‌కి వెళ్లే కార్మికులు, వర్క్‌షాపుల్లో పనిచేసే కుర్రాళ్లు సైకిళ్ల మీద వెళ్తుంటారు. ఇలాంటి చోట ముందు టైర్ ఒక్కసారిగా ఊడితే, కింద పడటం కన్నా వెనక ఏం వస్తోందన్నదే అసలు ప్రమాదం.

మరి ఏ రిమ్‌కి ఎంత లావు టైర్ వేయొచ్చు? ఎలా కొలవాలి? గాలి ఎంత కొట్టాలి? వివరంగా చూద్దాం.

టైర్ రిమ్‌లో ఎలా నిలుస్తుంది?

సైకిల్ టైర్ రెండు అంచుల్లోనూ సాగని తీగ చుట్ట ఉంటుంది. దీన్ని బీడ్ అంటారు. మామూలు టైర్లలో ఇది ఉక్కు తీగ. ట్యూబ్‌లో గాలి నింపగానే ఆ ఒత్తిడి టైర్‌ని అన్ని వైపులా తోస్తుంది. అప్పుడు బీడ్ వెళ్లి రిమ్ అంచు గోడకి బిగుసుకుంటుంది. అంటే టైర్‌ని పట్టి ఉంచేది జిగురు కాదు, నట్టు కాదు. సాగని తీగ, దాన్ని ఆపే రిమ్ గోడ, లోపలి గాలి.. ఈ మూడూ కలిస్తేనే పట్టు.

ఇది కొత్త సంగతేమీ కాదు. జాన్ బాయ్డ్ డన్‌లప్ 1888లో గాలి టైర్ తెచ్చిన రెండేళ్లకే, 1890లో చార్లెస్ వెల్చ్ అనే ఆయన తీగ అంచు టైర్‌కి పేటెంట్ తీసుకున్నారు. మన సైకిల్ టైర్లు నేటికీ ప్రధానంగా ఆ పద్ధతి మీదే నడుస్తున్నాయి.

ఈ పట్టు నిలవాలంటే రెండు కొలతలు కుదరాలి. ఒకటి, బీడ్ కూర్చునే చోట రిమ్ వ్యాసం. రెండోది, రిమ్ రెండు గోడల మధ్య వెడల్పు. మొదటిది తప్పితే టైర్ అసలు ఎక్కదు, లేదా వదులుగా ఉండి ఊడిపోతుంది. రెండోది తప్పితే టైర్ ఎక్కుతుంది, తిరుగుతుంది, బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే రెండోదానితో మోసపోయేవాళ్లు ఎక్కువ.

"26 టైర్" అంటే ఏ 26?

ముందు వ్యాసం సంగతి తేల్చుకుందాం. 26 అంగుళాలు, 28 అంగుళాలు అనేవి టైర్‌తో కలిపి చక్రం బయటి కొలతకి పెట్టిన పాత పేర్లు. ఒకే పేరు కింద వేర్వేరు రిమ్‌లు ఉన్నాయి.

టైర్ పక్క గోడ మీద చిన్న అక్షరాల్లో ఇంకో రెండు నంబర్లు ఉంటాయి. ఉదాహరణకు 40-635. మొదటి నంబర్ టైర్ వెడల్పు, రెండోది బీడ్ కూర్చునే చోట రిమ్ వ్యాసం. రెండూ మిల్లీమీటర్లలోనే. అంతర్జాతీయంగా ఐఎస్ఓ 5775 ప్రమాణం ప్రకారం రాసే పద్ధతి ఇది. మన దేశంలో సైకిల్, రిక్షా టైర్లకి ఐఎస్ 2414 అనే ప్రమాణం ఉంది. మీరు చూడాల్సింది పెద్ద అక్షరాల్లో ఉన్న అంగుళాలు కాదు, ఈ చిన్న నంబర్లే.

మన దగ్గర తరచూ కనిపించే సైజులు ఇవీ:

- 28×1½: రిమ్ వ్యాసం 635 మి.మీ. పెద్ద నల్ల సైకిళ్లు, రాడ్ బ్రేకులవి.
- 700సి, 29 అంగుళాలు: రెండింటికీ 622 మి.మీ. హైబ్రిడ్, రోడ్, కొత్త మౌంటెన్ సైకిళ్లు.
- 26×1⅜: 590 మి.మీ. కొన్ని లేడీస్ సైకిళ్లు.
- 26×1½: 584 మి.మీ. చిన్న సైజు మామూలు సైకిళ్లు.
- 27.5 అంగుళాలు: ఇది కూడా 584 మి.మీ.
- 26×1.95, 26×2.10 లాంటివి: 559 మి.మీ. పాత, మామూలు మౌంటెన్ సైకిళ్లు.

ఇక్కడ గమనించాల్సింది, 26 పేరుతోనే మూడు రిమ్‌లు ఉన్నాయి. 1½, 1⅜ అని భిన్నంలో రాస్తే ఒక రకం, 1.95 అని పాయింట్ పెట్టి రాస్తే ఇంకో రకం. లెక్కలో 1.75 అన్నా, 1¾ అన్నా ఒకటే కదా అనిపిస్తుంది. సైకిల్ టైర్ల విషయంలో మాత్రం ఒకటి కాదు. మొదటిది 559 రిమ్‌కి, రెండోది 571 రిమ్‌కి.

అన్నిటికన్నా ప్రమాదకరమైంది 584, 590 జోడీ. తేడా 6 మి.మీ. మాత్రమే. 590 టైర్‌ని 584 రిమ్ మీద పెడితే చేత్తోనే సులువుగా ఎక్కేస్తుంది. "భలే ఈజీగా ఎక్కిందే" అని సంతోషించకండి. అంత వదులుగా ఎక్కిందంటే, గాలి బిగిసినప్పుడు అంతే సులువుగా బయటకి వస్తుంది.

అసలు విషయం.. రిమ్ లోపలి వెడల్పు

వ్యాసం సరిపోయింది. ఇప్పుడు వెడల్పు చూద్దాం. పైన చెప్పిన పట్టికలోనే ఒక చిక్కు ఉంది. 26×1½ మామూలు సైకిల్‌కీ, 27.5 మౌంటెన్ సైకిల్‌కీ రిమ్ వ్యాసం ఒకటే. అంటే మౌంటెన్ సైకిల్ లావు టైర్ మామూలు సైకిల్ రిమ్ మీదకి ఎక్కుతుంది. ఎక్కినంత మాత్రాన అది సరైన టైర్ అయిపోదు.

ఈ మధ్య కుర్రాళ్లు ఇష్టపడే ఫ్యాట్ బైక్ టైర్లదీ ఇదే కథ. 26×4.0 టైర్ వెడల్పు సుమారు 100 మి.మీ. దాని రిమ్ వ్యాసం కూడా 559. మామూలు 26 అంగుళాల మౌంటెన్ సైకిల్‌దీ అదే. ఫోర్క్ మార్చేసి పాత రిమ్‌కే ఫ్యాట్ టైర్ వేసేద్దాం అనుకుంటే అక్కడే తేడా కొడుతుంది.

మరి లెక్క ఏంటి? సైకిల్ మెకానిక్‌లు, చక్రాలు కట్టేవాళ్లు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న ఒక సులువైన సూత్రం ఉంది. టైర్ వెడల్పు రిమ్ లోపలి వెడల్పుకి సుమారు ఒకటిన్నర రెట్ల నుంచి రెండు రెట్ల మధ్య ఉండాలి. కచ్చితంగా చెప్పాలంటే 1.45 నుంచి 2 రెట్లు. ఆ లెక్కన:

- రిమ్ లోపల 17 మి.మీ. ఉంటే టైర్ 25 నుంచి 34 మి.మీ.
- 19 మి.మీ. ఉంటే 28 నుంచి 38 మి.మీ.
- 21 మి.మీ. ఉంటే 31 నుంచి 42 మి.మీ.
- 25 మి.మీ. ఉంటే 37 నుంచి 50 మి.మీ.
- 30 మి.మీ. ఉంటే 44 నుంచి 60 మి.మీ.

ఇది ఇబ్బంది లేని మధ్య దారి. కొన్ని కంపెనీల పట్టికలు ఇంతకన్నా లావు టైర్లకీ ఒప్పుకుంటాయి. కానీ అప్పుడు గాలి తగ్గించి నడపాలి. మీ రిమ్ కంపెనీ, టైర్ కంపెనీ ఇచ్చిన పట్టిక దొరికితే దాన్నే పాటించండి. రెండూ వేర్వేరుగా చెబితే, తక్కువ గాలి, తక్కువ తేడా ఉన్నది ఎంచుకోండి.

లావు టైర్, సన్న రిమ్.. ఏమవుతుంది?

టైర్ రిమ్ కన్నా మరీ లావైతే అది బల్బు ఆకారంలో ఉబ్బుతుంది. కింద సన్నని మెడ, పైన పెద్ద తల. నిటారుగా వెళ్తున్నంత సేపు ఏమీ తెలియదు. మలుపు తిప్పగానే టైర్ పక్కకి ఒరుగుతుంది. హ్యాండిల్ ఒక దారి, చక్రం ఒక దారి అన్నట్టు తేలిపోతుంది. పదే పదే ఇలా ఒరిగితే టైర్ పక్క గోడలో దారాలు తెగుతాయి. ఒక్కోసారి బీడ్ రిమ్ గోడని వదిలేస్తుంది.

ఇంకో ప్రమాదం కంటికి కనిపించదు. గాలి ఒత్తిడి ఒకటే అయినా, టైర్ ఎంత లావైతే దాని గోడ మీద లాగుడు అంత పెరుగుతుంది. ఉదాహరణకు 28 మి.మీ. టైర్‌లో ఎంత గాలి కొట్టారో, 40 మి.మీ. టైర్‌లోనూ అంతే కొట్టారనుకోండి. లాగుడు సుమారు 43 శాతం ఎక్కువ. ఆ బలమంతా రిమ్ గోడలని బయటకి తెరవడానికి చూస్తుంది. అల్యూమినియం రిమ్‌కి బ్రేకులు రుద్దుకుని గోడ పలచబడి ఉంటే చీలిపోవచ్చు. అందుకే లావు టైర్‌కి తక్కువ గాలి, సన్న టైర్‌కి ఎక్కువ గాలి. ఇది తిరగేస్తే కష్టమే.

చివరిగా, లావు టైర్ బ్రేక్ రబ్బరుకో, ఫోర్క్‌కో, మడ్‌గార్డ్‌కో తగలొచ్చు. టైర్ గోడకి బ్రేక్ రబ్బరు రుద్దుకుంటూ ఉంటే కొన్ని రోజుల్లోనే గోడ కోసుకుపోతుంది.

సన్న టైర్, వెడల్పు రిమ్ అయితే?

ఇదీ మంచిది కాదు. టైర్ గుండ్రంగా నిలబడకుండా చదునుగా పరుచుకుంటుంది. రోడ్డుకీ రిమ్‌కీ మధ్య ఎత్తు తగ్గిపోతుంది. గుంతలో పడగానే రిమ్ అంచు నేరుగా రోడ్డుకి కొట్టుకుంటుంది. ట్యూబ్ రెండింటి మధ్య నలిగి పక్కపక్కనే రెండు రంధ్రాలు పడతాయి. మీ ట్యూబ్‌కి ఎప్పుడూ ఇలా జంట పంక్చర్లే పడుతుంటే కారణం మేకు కాదు. టైర్ సన్నదైనా అయ్యుండాలి, గాలి తక్కువైనా అయ్యుండాలి.

ప్రొఫెషనల్ రైడర్లకీ తప్పలేదు

2024 ఫిబ్రవరిలో జరిగిన యూఏఈ టూర్ ఐదో స్టేజ్‌లో బెల్జియం రైడర్ థామస్ డి గెంట్ పడిపోయారు. ఆయన సైకిల్ ముందు టైర్ రిమ్ నుంచి ఊడి వచ్చేసిన దృశ్యాలు ప్రపంచమంతా చూశారు. అది కొక్కెం అంచు లేని కొత్త రకం రిమ్. లోపలి వెడల్పు 25 మి.మీ., దాని మీద వేసిన టైర్ 28 మి.మీ. అంటే 1.12 రెట్లు మాత్రమే.

ఒక ప్రమాణం ప్రకారం ఆ జోడీ చెల్లుతుంది. యూరప్ టైర్, రిమ్ సాంకేతిక సంస్థ అయిన ఈటీఆర్‌టీఓ కొత్త సిఫారసు ప్రకారం మాత్రం 25 మి.మీ. రిమ్‌కి కనీసం 29 మి.మీ. టైర్ ఉండాలి. చక్రం రాయికి తగలడం వల్లే ఊడిందా, వెడల్పు జోడీ వల్లా అన్న దాని మీద పెద్ద చర్చే జరిగింది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య కూడా ఈ విషయాన్ని పరిశీలిస్తామని ప్రకటించింది. కారణం ఏదైనా, ఒక్క మిల్లీమీటర్ గురించి ఇంత చర్చ జరిగిందంటే ఈ కొలతకి ఎంత విలువ ఉందో అర్థమవుతుంది.

విశాఖలో అయితే ఇంకో రెండు జాగ్రత్తలు

ఒకటి, ఉప్పు గాలి. సముద్రం పక్కన ఉన్న ఊళ్లో ఇనుప రిమ్‌లు త్వరగా తుప్పు పడతాయి. పైన రంగు బాగానే ఉన్నా, టైర్ కూర్చునే లోపలి అంచులో, పుల్లల రంధ్రాల దగ్గర తుప్పు తినేస్తుంది. టైర్ మార్చిన ప్రతిసారీ రిమ్ టేప్ తీసి లోపల చూడండి. అంచు పొరలు పొరలుగా రాలుతుంటే, ఎంత కొలిచి టైర్ వేసినా లాభం లేదు. ముందు రిమ్ మార్చాలి.

పెద్ద నల్ల సైకిళ్లకి ఉండే ఇనుప రిమ్‌లలో, టైర్‌ని పట్టుకునే కొక్కెం లాంటి అంచు ఉండదు. అవి ఎక్కువ గాలికి తయారైనవి కావు. వెనక క్యారియర్ మీద గ్యాస్ సిలిండర్ పెట్టుకెళ్తున్నారనుకోండి. 14.2 కిలోల గ్యాస్, దానికి సిలిండర్ బరువు కలిపితే దాదాపు 30 కిలోలు. లోడ్ ఎక్కువని ఇష్టం వచ్చినంత గాలి కొట్టించడం ఇలాంటి రిమ్‌లకి పనికిరాదు. టైర్ మీద రాసిన గరిష్ఠ ఒత్తిడిని దాటకూడదు. అది సరిపోవట్లేదంటే లోడ్ తగ్గించాలి, లేదా ఆ బరువుకి తగిన రిమ్, టైర్ కలిపి మార్చాలి.

రెండోది, లారీ టైర్ల కంప్రెషర్. ఆటోనగర్‌లో అడుగడుగునా గాలి మిషన్లు ఉంటాయి. లారీ టైర్లకి 100 పీఎస్ఐ పైనే గాలి కావాలి కాబట్టి అవి ఆ స్థాయికి సిద్ధంగా ఉంటాయి. లారీ టైర్ నిండడానికి నిమిషాలు పడితే, సైకిల్ టైర్‌కి సెకన్లు చాలు. "కొంచెం కొట్టు తమ్ముడూ" అనేలోపే దాటిపోతుంది. టైర్ రిమ్‌కి సరిపడనిదైతే అక్కడికక్కడే పేలుతుంది. చెవులకి, కళ్లకి దెబ్బ తగలొచ్చు. సైకిల్‌కి చేతి పంపే మేలు. తప్పనిసరై మిషన్ దగ్గరే కొట్టించుకోవాల్సి వస్తే, మీటర్ ఉన్న చోట, ఆపి ఆపి కొట్టించండి. మీటర్‌లో యూనిట్ కూడా చూసుకోండి. ఒక బార్ అంటే 14.5 పీఎస్ఐ.

నిజానికి ఆటోనగర్‌లో ఈ పాఠం కొత్తగా చెప్పక్కర్లేదు. 10.00-20 లారీ టైర్‌కి ఏడున్నర అంగుళాల రిమ్, 9.00-20 టైర్‌కి ఏడు అంగుళాల రిమ్ అని అక్కడ టైర్ పని చేసేవాళ్లకి తెలుసు. లారీకి చూసే ఆ లెక్కనే సైకిల్‌కీ చూడమని అడిగితే చాలు.

ఎలా కొలవాలి? ఇలా చేయండి

1. పాత టైర్, ట్యూబ్ తీసేయండి. టైర్ మీద 40-635 లాంటి నంబర్ కాగితం మీద రాసుకోండి. కానీ పాత టైర్ సరైనదే అని గుడ్డిగా నమ్మకండి. ముందు వేసినవాళ్లు కూడా అందుబాటులో ఉన్నదే వేసి ఉండొచ్చు.

2. రిమ్ మీద ఏమైనా రాసి ఉందేమో చూడండి. 622×19సి అని ఉంటే వ్యాసం 622, లోపలి వెడల్పు 19 మి.మీ. అని అర్థం. అప్పుడు కొలవాల్సిన పనే లేదు.

3. రాసి లేకపోతే రెండు గోడల లోపలి అంచుల మధ్య దూరం కొలవండి. బయటి నుంచి బయటికి కాదు. బయటి కొలత చాలాసార్లు ఐదారు మి.మీ. ఎక్కువ చూపిస్తుంది. దాంతో లెక్క మొత్తం తప్పుతుంది. స్కేల్ కన్నా వెర్నియర్ కాలిపర్ మంచిది. ఆటోనగర్‌లో ఏ లేత్ షాపులో అడిగినా ఉంటుంది, నిమిషం పని.

4. రెండు మూడు చోట్ల కొలవండి. ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ వస్తే గోడ వంగిందని అర్థం. పుల్లలు బిగిస్తే చక్రం బెండ్ పోతుంది గానీ, వంగిన గోడ మళ్లీ బాగుపడదు.

5. వచ్చిన కొలతని 1.45తో, 2తో గుణించండి. ఆ రెండింటి మధ్య ఉన్న టైర్ కొనండి. ట్యూబ్ కూడా ఆ వెడల్పుకి సరిపోయేదే తీసుకోండి.

6. టైర్ ఎక్కించాక సగం గాలి కొట్టి ఆపండి. టైర్ గోడ మీద రిమ్‌ని ఆనుకుని చుట్టూ ఒక సన్నని గీత ఉంటుంది. చక్రం తిప్పి చూస్తే అది రెండు వైపులా, అంతటా రిమ్‌కి ఒకే దూరంలో కనిపించాలి. ఒక చోట లోపలికి మునిగినా, పైకి లేచినా గాలి తీసేసి, సబ్బు నీళ్లు రాసి మళ్లీ కూర్చోబెట్టండి. సరిగ్గా వచ్చాకే మిగతా గాలి.

7. టైర్‌కీ ఫోర్క్‌కీ మధ్య, టైర్‌కీ మడ్‌గార్డ్‌కీ మధ్య ఒక పెన్సిల్ దూరేంత ఖాళీ ఉండాలి. బ్రేక్ పట్టి చూడండి. బ్రేక్ రబ్బరు రిమ్‌నే పట్టాలి, టైర్‌ని తాకకూడదు.

కుదుపు తగ్గాలంటే ఏం చేయాలి?

గుంతల రోడ్ల మీద కాస్త లావు టైర్ కోరుకోవడంలో తప్పేమీ లేదు. సరైన హద్దులో ఉన్నంత వరకు లావు టైర్ మంచిదే. కుదుపు తగ్గుతుంది, పట్టు పెరుగుతుంది. మీ రిమ్ లోపల 19 మి.మీ. ఉండి, ఇప్పుడు 28 మి.మీ. టైర్ వాడుతుంటే, ఫోర్క్‌లో చోటు ఉంటే 35 వరకు నిశ్చింతగా వెళ్లొచ్చు. 50 కావాలంటే మాత్రం టైర్ ఒక్కటే మార్చకండి. వెడల్పు రిమ్‌తో కొత్త చక్రం కట్టించుకోండి. ఫోర్క్‌లో అంత చోటు లేకపోతే ఆ ఆలోచన మానుకోండి.

రెండు టైర్లలో ఒకదానికే డబ్బులు ఉన్నాయా? అయితే మంచి టైర్‌ని ముందు చక్రానికి వేయండి. వెనక టైర్ ఊడితే చాలాసార్లు సైకిల్‌ని ఆపుకోగలం. ముందు టైర్ ఊడితే హ్యాండిల్ చేతిలో ఉన్నా దారి మన చేతిలో ఉండదు. యారాడ ఘాట్ లాంటి దిగుడు దారుల్లో అయితే మరీ ప్రమాదం. అక్కడ వేగానికి తోడు, రిమ్‌ని పట్టే బ్రేకుల వేడికి టైర్‌లో గాలి ఒత్తిడి కూడా పెరుగుతుంది.

కాబట్టి ఈసారి షాపుకి వెళ్లినప్పుడు "ఇరవై ఆరు టైర్" అని అడగకండి. రిమ్ వ్యాసం ఇంత, లోపలి వెడల్పు ఇంత, దానికి సరిపోయే టైర్ ఇవ్వండి అని అడగండి. ఆ రెండు నంబర్లు ఫోన్‌లో రాసి పెట్టుకుంటే, రిమ్ మార్చేదాకా మళ్లీ కొలవాల్సిన పని ఉండదు.